సురేకారం నీళ్ళు

1931 మార్చి 4, బుధవారం

కార్ఖానా గేటుకి నోటీసు అంటించారు. ఈ నెల ఇరవై ఎనిమిదిన సురేకారం నీళ్ళు ఆఖరి కాపు కాస్తారు. ఆ తర్వాత పొయ్యిలు ఆర్పేస్తారు. ఏప్రిల్ పదో తేదీకల్లా ఎడారి మధ్య ఉన్న ఈ శాన్ ఎలాదియోలో మనిషన్నవాడు ఉండకూడదట.

పక్కింటి క్లోరిందా వదిన రొట్టెపిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"జర్మనీలో సురేకారాన్ని గాలిలోంచి తీస్తున్నారట! గాలి మనకీ ఉందిగా వదినా, మన గాలికేం రోగం?" అంది. నవ్వబోయి ఏడ్చింది. వాళ్ళాయన పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ రాయి పేలుస్తున్నాడు.

మా ఆయన బెలార్మీనో సాయంత్రం పని నుంచి వచ్చి టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు. దగ్గు తగ్గేదాకా ఆగాడు. రాయిని పిండిచేసే రాతిమర దగ్గర పనిచేసే వాళ్ళందరికీ ఉన్న దగ్గే.

"మా ఊరు పోదాం ఒటీ. మా అమ్మ ఉంది, రెండు మేకలున్నాయి. ఏదో ఒకటి దొరుకుతుంది."

చిక్కుడు గింజలు కలుపుతూ "సరే" అన్నాను.

"ఎల్సీరాని కూడా తీసుకుపోదాం."

గరిటె ఆగిపోయింది. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ పలకని పేరు అది.

"వద్దు" అన్నాను. "పడుకున్న పిల్లని లేపకు."

మార్చి 6

బతికి ఉంటే ఈ జూన్ చలికాలానికి పదకొండు నిండేవి.

నేను నీళ్ళకి వెళ్ళాను. అది పోయిన రోజు ట్యాంకు దగ్గర వరస చాలా పెద్దది.

మార్చి 8, ఆదివారం

శ్మశానానికి వెళ్ళాను. దాని సమాధి మీది తగరపు రేకు పువ్వులకి పట్టిన దుమ్ము తుడిచాను. ఒక గులాబీ రేక విరిగింది, తీగతో కట్టాను. పొద్దున పొగమంచు దిగి నేలంతా చెమర్చింది. అలాంటి రోజుల్లో మా గోడలు కూడా చెమరుస్తాయి, గోదాములో బస్తాలు కూడా. సురేకారం గాలిలో తడిని లాక్కుంటుంది. పది గంటలకి ఎండ వచ్చేసరికి మళ్ళీ అంతా పొడి.

బెలార్మీనో వెనకాలే వచ్చాడని నాకు తెలియదు. చూస్తే గేటు దగ్గర ఉన్నాడు. పాతిపెట్టిన రోజు తర్వాత లోపలికి రాలేదు తను. ఇవాళా రాలేదు. టోపీ చేత్తో పట్టుకుని, బయటే నిలబడ్డాడు.

దారిలో ఒక్క మాటే అన్నాడు. "ఇక్కడ దాని దగ్గరికి ఇక ఎవరొస్తారు ఒటీ?"

మార్చి 11

క్లోరిందా వదినకి ఉత్తరం రాసిపెట్టాను, వాళ్ళ అన్నకి. రాయమన్న మాట ఒకటే: "చోటుందా?"

మార్చి 15, ఆదివారం

మళ్ళీ అదే గొడవ. ఈసారి క్లోరిందా వదిన ముందే.

"మా ఊళ్ళో వాన పడుతుంది. చెట్టుంటుంది. పిల్ల నెత్తిన కాస్త నీడ ఉంటుంది" అన్నాడు.

"వాన పడితే ఏమవుతుందో నాకు తెలుసు. మీ నేలలో మనిషి మిగలడు. ఇక్కడైతే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. రైలుకట్ట తవ్వినప్పుడు పాత యుద్ధం నాటి సిపాయి దొరకలేదూ? మీసంతో సహా. నా కూతురు ఇక్కడే ఉంటుంది, అలాగే ఉంటుంది."

"అలాగే ఉండి ఎవరికి వదినా?" అంది క్లోరిందా. ఆమెకి ముగ్గురు పిల్లలు, ముగ్గురూ బతికే ఉన్నారు. ఆ మాట ఆమె నోటి వెంట రావడం నాకు నచ్చలేదు. రొట్టె కూడా ఇవ్వకుండా పంపేశాను.

కారణం అదే. నేను రాసిందే. ఇక్కడైతే పిల్ల పాడవదు. ఇంకే కారణమూ లేదు.

మార్చి 19

నిద్ర పట్టక ఒక్కోటీ గుర్తు చేసుకుంటున్నాను. పొద్దున కూర్చుని రాస్తున్నాను.

అప్పట్లో బెలార్మీనో గడ్డకట్టించే తొట్ల దగ్గర పనిచేసేవాడు. అక్కడ కాచిన నీళ్ళు చల్లారి సురేకారం పంచదారలా తెల్లగా పేరుకుంటుంది. దాన్ని పారతో ఎత్తడం తన పని. జేబులో చిటికెడు తెచ్చి నిప్పుల మీద వేసేవాడు. చిటపటమని పసుపు మంట లేచేది. "నాన్నా, ఇంకోసారి!" అనేది ఎల్సీరా. ఇంకోసారి వేసేవాడు.

జ్వరం వచ్చింది ఫిబ్రవరిలో, మా నడి ఎండాకాలంలో. రేకుల ఇల్లు, కుంపటిలా కాలేది. మూడు రోజులైనా వేడి దిగలేదు. అప్పుడు తను ఒక సంచీడు సురేకారం తెచ్చాడు. బేసిను నీళ్ళలో వేసి కలిపితే ఆ నీళ్ళు మంచులా చల్లబడతాయి. తాగే నీళ్ళ సీసాని అందులో నిలబెడితే సీసా కూడా చల్లబడుతుంది. గుడ్డ తడిపి నుదుటి మీద వెయ్యొచ్చు. తొట్ల దగ్గర వాళ్ళంతా బీరు సీసాలకి చేసే పనే అది.

బేసిను కింద పెట్టింది తను. అది మంచం పక్కనే ఉంది. కరిగిపోయాక చూసేవాళ్ళకి అవి మామూలు నీళ్ళే.

నేను నీళ్ళకి వెళ్ళాను. వరసేం పెద్దది కాదు, కానీ ఇద్దరు ముగ్గురితో మాట్లాడుతూ ఆలస్యం చేశాను. వచ్చేసరికి పిల్ల తనంతట తనే తాగేసింది. సాయంత్రం బెలార్మీనోకి అదే చెప్పాను. కాంపౌండరు మాత్రం జ్వరం గుండెకెక్కింది అన్నాడు. ఆయన చదువుకున్నవాడు.

బెలార్మీనో ఆయన మాట నమ్మలేదు. పాతిపెట్టిన మర్నాడే మేస్త్రీ దగ్గరికెళ్ళి తొట్ల పని వద్దన్నాడు, ఆ తెల్లటిది ఇక చేత్తో ముట్టుకోలేనన్నాడు. రాతిమర దగ్గర వేశారు. అక్కడికి ఎవరూ కోరి వెళ్ళరు. ఎదుటి మనిషి కనపడనంత దుమ్ము.

నేను వెళ్ళవద్దని చెప్పాను. చెప్పాననే గుర్తు.

మార్చి 28, శనివారం

నాలుగింటికి ఆఖరి కాపు. సైరన్ ఆగకుండా మోగించారు, ఆవిరి అయిపోయేదాకా. తర్వాత మర ఆగింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మోత లేకుండా నేను ఒక్క పగలు కూడా గడపలేదు. క్లోరిందా వదిన చెవుల మీద చేతులు పెట్టుకుంది, మోత ఆగిపోయాక.

పిల్లని తవ్వి తీసుకుపోవడానికి బెలార్మీనో అనుమతి కాగితం తెచ్చాడు. సంతకం, ముద్ర ఉన్నాయి. పెట్టె వడ్రంగి చేశాడు, లోపల రేకు తాపడం. ఓడలో శవమంటే సరంగులు ఒప్పుకోరట, అందుకని పైన "పనిముట్లు" అని రాయించాడు.

"నువ్వు రావద్దులే. నేను చూసుకుంటాను" అన్నాడు.

ఈసారి వద్దనలేదు. వస్తానన్నాను.

మార్చి 31

తీశారు.

ఏప్రిల్ 1

నిన్న రాయలేకపోయాను.

క్లోరిందా వాళ్ళాయన గడ్డపారతో తవ్వాడు. నేల రాయిలా ఉంది, ముక్కలు ముక్కలుగా లేచింది. పెట్టె చెక్క కొత్తదిలాగే ఉంది, మేకులకి తుప్పు కూడా లేదు. ఆయన మూత తీసి, మమ్మల్ని చూసి, చుట్ట కాల్చుకుంటానని దూరంగా వెళ్ళిపోయాడు.

పిల్ల చిన్నగా అయిపోయింది. ఒళ్ళు గోధుమరంగు కాగితంలా ఉంది. కానీ అదే. కనురెప్పల వెంట్రుకలు ఉన్నాయి. నేను కుట్టిన పసుపు గౌను రంగు పోలేదు. గోళ్ళు నేను కత్తిరించినట్టే ఉన్నాయి, ఎడమ బొటనవేలిది వంకర. కదిలితే కత్తెర జారిన చోట అలాగే ఉంది.

పెదవులు చూడకూడదనుకున్నాను. చూశాను. చూస్తే ఏం తెలుస్తుంది, మూడేళ్ళకి ఎండిన పెదవులు ఎవరివైనా నల్లగానే ఉంటాయి. అప్పటి నీలం నాకు తప్ప ఎవరికి తెలుసు?

బెలార్మీనో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పెట్టె అంచు పట్టుకుని పిల్లతో మాట్లాడాడు. నాతో కాదు.

"నాన్నని క్షమించమ్మా. ఆ మాయదారి ఉప్పు ఇంటికి తెచ్చింది నేనే. నీ పక్కన పెట్టింది నేనే. నేనే అమ్మా, నేనే."

దగ్గు వచ్చింది. దగ్గుతూనే అంటున్నాడు. నేనే, నేనే.

నేను పక్కన నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. నేను దుప్పటి మడతలు సర్దాను.

ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారం

ఫాదిరీ రాలేదు. గుడి తలుపులకి మేకులు కొట్టేశారు. క్లోరిందా వదిన వాళ్ళు నిన్నటి రైలుకి వెళ్ళారు. కౌగిలించుకుని, "పదిహేనో తారీకు నాడు అన్నది మనసులో పెట్టుకోకు వదినా" అంది. పెట్టుకోలేదు అన్నాను. ఆమె అన్నది నిజమే కదా అని మాత్రం అనలేదు.

ఏప్రిల్ 7

నేను నీళ్ళకి వెళ్ళలేదు.

ఇక్కడైనా రాయాలి. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

బేసిను ఎత్తులో, ట్రంకుపెట్టె మీద ఉంది. బెలార్మీనో అక్కడే పెట్టాడు. కింద పెట్టకు, మంచినీళ్ళనుకునేరు అని చెప్పి మరీ పనికి వెళ్ళాడు. గుడ్డ తడపడానికి మాటిమాటికీ లేవలేక నేనే దించుకున్నాను. మూడు రాత్రుల నిద్ర లేదు. మధ్యాహ్నం మూడు గంటలు. రేకుల వేడి. కూర్చున్నచోటే తూగుతున్నాను.

"అమ్మా, నీళ్ళు" అంది.

తగరపు గ్లాసు చేతిలో ఉంది. సీసా తియ్యాలి, బిరడా లాగాలి, వంచాలి. నేను గ్లాసు ముంచాను. బేసినులో ముంచాను. చెయ్యి చల్లగా తగిలింది, పిల్లకి హాయిగా ఉంటుంది అనుకున్నాను. ముంచింది బేసినులో అని చేతికి తెలుసో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తల ఎత్తి పట్టుకుని తాగించాను.

"ఉప్పగా ఉందమ్మా" అంది.

"జ్వరం నోటికి అన్నీ అలాగే ఉంటాయి. తాగు తల్లీ. చల్లగా ఉంది కదూ?"

"చల్లగా ఉంది" అంది. తాగింది. నేను తాగమన్నానని తాగింది.

ఇంకో గ్లాసు ఇచ్చాను.

గంటకి వాంతులు. తర్వాత పెదవులు, గోళ్ళు పలక రంగుకి తిరిగాయి. అప్పుడు బేసిను వంక చూశాను. నీళ్ళు తగ్గి ఉన్నాయి. అందులో నిలబెట్టిన సీసా మెడదాకా నిండుగా ఉంది. అప్పుడు తెలిసింది. కాంపౌండరు కోసం పరిగెత్తాను, ఆయన వచ్చాడు, సూది వేశాడు. ఆరింటికి పోయింది.

బెలార్మీనో గుమ్మంలో అడుగు పెడుతూనే బేసిను చూసి "ఇది కిందెందుకు ఉంది?" అన్నాడు. నేను నీళ్ళకి వెళ్ళాను అన్నాను. అన్నాక, కింద నువ్వే పెట్టావు కదా అన్నాను. తను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. నేను చూస్తుండగానే, పెట్టానేమో అని నమ్మాడు.

మనిషి చేత అలా నమ్మించవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఏప్రిల్ 9

ఇకీకే రేవు. వెయ్యి మంది ఉంటాం. చాపలు, కోళ్ళు, కుట్టుమిషన్లు. పెట్టెని తను ఎవరి చేతికీ ఇవ్వలేదు, ఒక్కడే భుజాన మోశాడు. బరువుందా అని ఎవరో అడిగారు. లేదు అన్నాడు.

ఏప్రిల్ 10

చెప్పాను.

డెక్ మీద, కమ్మీ దగ్గర. పొద్దు బాగా ఎక్కింది. పక్కన ఒకామె పిల్లాడికి పాలిస్తూ ఉంది, ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగాను.

"నేను నీళ్ళకి వెళ్ళలేదు" అన్నాను.

"ఎప్పుడు?"

"ఆ రోజు."

తను సముద్రం వైపు నుంచి నా వైపు తిరిగాడు. ఆ తర్వాత నేను ఆపకుండా చెప్పాను. ట్రంకుపెట్టె మీంచి నేనే దించడం, గ్లాసు, అన్నీ. మధ్యలో ఆపితే మళ్ళీ అబద్ధం వచ్చేస్తుందని భయం.

"రెండు గ్లాసులా?" అన్నాడు.

"రెండు."

"ఉప్పగా ఉందని చెప్పిందా?"

"చెప్పింది."

"చెప్పినా..."

"చెప్పినా తాగించాను. నాకు తెలియలేదు బెలార్మీనో. ఒట్టు. తెలియలేదు."

"అది కాదు" అన్నాడు. "అది కాదు ఒటీ. నిద్ర లేక తూగుతూ నేనైనా ముంచేవాణ్ణే. ఆ సాయంత్రమే చెప్పుంటే నీతో కలిసి ఏడ్చేవాణ్ణి." కమ్మీ పట్టుకుని దగ్గాడు. "మూడేళ్ళు. పొద్దున లేస్తూనే, నా బిడ్డని నేనే చంపానని లేచాను. ఆ దుమ్ము మింగుతుంటే బాగుండేది, నాకు ఇదే తగినదని. నువ్వు రోజూ నాకు అన్నం పెట్టావు. రోజూ చూశావు."

అరవలేదు. అరిస్తే బాగుండేది. కిందికి దిగి, సామాన్ల గదిలో పెట్టె పక్కన పడుకున్నాడు. రొట్టె తీసుకెళ్ళాను. తీసుకోలేదు.

ఏప్రిల్ 11

సముద్రం.

ఏప్రిల్ 13

కొకింబోలో దిగాం. ఒవాయె దాకా రైలు. తను పెట్టెతో వెనక బోగీలో. నేను ముందు బోగీలో. కిటికీలోంచి ఎటు చూసినా పచ్చగా ఏదో ఒకటి ఉంది, కళ్ళకి నొప్పిగా ఉంది.

ఏప్రిల్ 16

అత్తగారు దోన్యా ఫెలిసార్దా. ఎముకల గూడు, పొగాకు వాసన. నన్ను ఇంతవరకు ఫోటోలోనే చూసింది. గుమ్మంలోనే నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎంత నలిగిపోయావే అమ్మాయ్. కన్నకడుపు కదా. ఏడువు, నా ఇంట్లో ఏడువు, ఎవరూ ఏమీ అనరు."

ఆ చేతులు భరించలేకపోయాను.

ఇవాళ పాతిపెట్టాం. ఊళ్ళో ఆడవాళ్ళంతా నిజం పువ్వులు తెచ్చారు. ఇక్కడి మట్టి మెత్తగా, నల్లగా ఉంది, పారకి చప్పుడే లేదు. అందరూ నన్నే ఓదార్చారు. బెలార్మీనోని ఎవరూ ఓదార్చలేదు, మగవాడు కదా. అవతల ఒక్కడే నిలబడ్డాడు. నేను వెళ్ళి పక్కన నిలబడితే రెండడుగులు జరిగాడు. ఎవరూ గమనించలేదనుకుంటాను. అత్త గమనించింది.

ఏప్రిల్ 20

తను కొండ మీద రోడ్డు పనికి కుదిరాడు. అక్కడే గుడారాల్లో ఉంటారట.

"నేను రానా?" అన్నాను.

"వద్దు."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

మూట కట్టుకుంటున్నాడు. ముడి విప్పి మళ్ళీ వేశాడు. "నువ్వు గ్లాసులో నీళ్ళు వంచుతుంటే నేను చూడలేకపోతున్నాను ఒటీ. కోపం కాదు. చూడలేను."

వెళ్ళిపోయాడు.

మే 3

రాలేదు.

మే 17

రాలేదు. ఎవరో వచ్చి వాళ్ళమ్మకి డబ్బు ఇచ్చి వెళ్ళారు. నాకు ఏమైనా చెప్పాడా అని అడిగాను. "అమ్మ మోకాళ్ళకి ఎలా ఉందని అడగమన్నాడు" అన్నాడా మనిషి.

జూన్ 2

అత్తకి చెప్పాను. ఆమె దయ భరించలేక చెప్పాను.

చాలాసేపు చుట్ట కాల్చింది. "గ్లాసు సంగతి దేవుడు చూసుకుంటాడు" అంది. "నా కొడుకు సంగతే నేను మింగలేను అమ్మాయ్." లేచి మేకల దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం అన్నం మాత్రం ఇద్దరికీ వండింది. అమ్మాయ్ అని పిలవడం మానలేదు.

జూన్ 21

వాన. నిన్న మొదలైంది, ఇంకా పడుతోంది. ఇంతసేపు ఆకాశం నుంచి నీళ్ళు పడడం నేను చూడలేదు. గుమ్మంలో కూర్చుని వణికాను. అత్త దుప్పటి కప్పింది. పిల్ల మీద పడుతోంది అన్నాను. "పడనీ" అంది.

ఈ నెలలోనే దాని పుట్టినరోజు. తేదీ రాయను.

జులై 5, ఆదివారం

వాన వెలిసి మూడు రోజులైంది. శ్మశానానికి వెళితే సమాధి కుంగిపోయి ఉంది, మోకాలి లోతున. మా దగ్గర ఎక్కడా అలా కుంగదు, నూరేళ్ళైనా పోసిన మట్టి పోసినట్టే ఉంటుంది. పిల్ల కిందికి పోతోందనిపించింది. ఎప్రన్ చెరువుకట్ట దాకా తీసుకెళ్ళి మట్టి నింపుకుని వచ్చి పోశాను. మళ్ళీ వెళ్ళాను. ఎన్నిసార్లో తెలియదు.

వంగి పోస్తుంటే దగ్గు వినపడింది.

బెలార్మీనో. కొండ దిగి నడిచి వచ్చాడు. సన్నబడ్డాడు, గడ్డం పెరిగింది. గుంట చూశాడు, నా ఎప్రన్ చూశాడు. వెళ్ళి పారా, గంపా పట్టుకొచ్చాడు.

తను తవ్వాడు, నేను మోశాను. నాలుగో గంపకి తను దగ్గుతో కూర్చుండిపోయాడు. పార తీసుకోబోయాను, ఇవ్వలేదు. దగ్గు తగ్గాక గంప నిండా పోసి, లేచి, దాని ఒక పిడి పట్టుకున్నాడు.

"అటువైపు పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. ఇద్దరం మోశాం. పోశాం. అలా పదకొండు గంపలు. ఒకసారి నా కాలు జారితే గంప తన వైపుకి లాక్కున్నాడు.

నేల సమం అయ్యాక చేత్తో తట్టి చూశాడు.

"ఇంకా దిగుతుంది. ఈ మట్టి అంతే, రెండు మూడు వానలదాకా దిగుతూనే ఉంటుంది. వచ్చే ఆదివారం మళ్ళీ పొయ్యాలి." టోపీ పెట్టుకున్నాడు. "నువ్వొక్కదానివీ మొయ్యకు. నేనొచ్చేదాకా ఆగు."

ఆగుతానన్నాను.

తినిపొమ్మని అత్త గుమ్మంలోంచి కేకేసింది. చీకటి పడేలోపు గుడారాలకి చేరాలని ఆగకుండా వెళ్ళిపోయాడు.

వచ్చే ఆదివారం పన్నెండో తేదీ.